ఇద్దరం వేసిన పాస్తా

అత్తయ్య గారికి మీ కోడలు నమస్కరించి చెప్పుకునే సంగతులు.

ఇక్కడ మేం ఇద్దరం క్షేమం. మీరు కూడా ఆరోగ్యంగా ఉన్నారని, మోకాలి నొప్పి తగ్గి మగ్గం దగ్గర నిలబడగలుగుతున్నారని అనుకుంటున్నాను.

కిందటి ఉత్తరంలో మీరు నన్ను కోప్పడ్డారు. “ఇద్దరం క్షేమం అని రాస్తావేమిటి, నీకు లెక్కలు రావా? ఇకనుంచి ముగ్గురం అని రాయి” అన్నారు. ఆ మాట మిల్లులో భోజనాల దగ్గర మీవాళ్ళకు చదివి వినిపించాకే కవరు అంటిస్తున్నానని, అందరూ నవ్వారని కూడా రాశారు. నా ఉత్తరాలు కూడా మీరు అక్కడే విప్పుతారని, మగ్గాలు ఆగిన ఆ కాసేపట్లో గట్టిగా చదువుతారని నాకు తెలుసు. అందుకే ఒక మాట అడుగుతున్నాను. దీన్ని పైకి చదవకండి. ఈ ఉత్తరం మిల్లులోనే విప్పి ఉంటే వంట సంగతి ఒక్కటి వాళ్ళకు చదవండి. అది వాళ్ళు అడిగిందే. ఆ తర్వాత మడిచి దాచుకోండి. ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పి, మంచం మీద కూర్చుని మిగతాది చదువుకోండి.

మీరు అడిగింది నేను మరిచిపోలేదు. మిల్లులో సెలవు చెప్పాను, పురుడు దగ్గర పడింది కదా, ఏ రోజుకు టికెట్టు తీసుకోమంటావు, లోపల బాగా కదులుతోందా అని అడిగారు. జవాబు ఇందులోనే ఉంది. ముందు అదే రాద్దామని కూర్చున్నాను. చేయి సాగలేదు. తెలిసిన పనితో మొదలుపెడితే తెలియనిది దాని వెనకాల వస్తుందేమో అని వంటతో మొదలుపెడుతున్నాను.

అంతకంటే ముందు చిన్న చిన్న జవాబులు. మీ అబ్బాయి చిక్కాడా అని అడిగారు. కొంచెం చిక్కారు. బేకరీలో రాత్రంతా పిండి బస్తాల మధ్య ఉండి, తెల్లవారాక జుట్టు నిండా పిండితో వస్తారు. తలుపు తీసినప్పుడల్లా ఎవరో ముసలాయన వచ్చినట్టు ఉంటుంది. తల కడుక్కున్నాక మళ్ళీ మీ అబ్బాయే. నేను ఇంకా మిషను తొక్కుతున్నానా అని అడిగారు. తొక్కుతున్నాను. కాజాల మిషను మీదే ఉన్నాను. మా టైలరు మాస్టరు మంచివాడే. నోరు మాత్రం ఆగదు. మీరు మోకాలి గురించి “మగ్గం ఆగినా ఇది ఆగదు, దీనికి విడిగా జీతం ఇవ్వాలి” అని రాశారు. ఇంతకుముందైతే చదివి నవ్వేదాన్ని.

ఇక వంట. కండక్టరమ్మ ఇచ్చిన స్లో కుక్కర్‌కు మీరు సోమరి కుండ అని పేరు పెట్టారు. కండక్టరమ్మ అంటే మా ఇంటి ఓనరమ్మ. కింద ఉంటుంది. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయింది. మెట్ల మీద ఎవరు కనిపించినా ఇప్పటికీ ముందుకు జరగండి, ముందుకు జరగండి అంటుంది. సోమరి కుండ అని మీరు పెట్టిన పేరు చెబితే, పాతికేళ్ళు నిలబడి పనిచేశాను, నా ఇంట్లో ఒక్కటైనా సోమరిగా ఉండనివ్వండి అంది.

నీళ్ళు తెర్లకుండా పాస్తా ఎలా ఉడుకుతుంది, మీ కోడలు మనల్ని ఆటపట్టిస్తోంది అందట నూలు తూచే అక్క. లేదని చెప్పండి. మనుషుల్ని ఆటపట్టించేంత మాట నా దగ్గర లేదని ఆమెకు తెలియదు. ఆ కరెంటు కుండలో నీళ్ళు కుతకుతలాడవు. వేడి చుట్టూ నుంచి మెల్లగా పడుతుంది. మనం పక్కన ఉన్నా లేకపోయినా దానికి ఒకటే.

పొద్దున పనికి వెళ్ళే ముందు లోపలి పింగాణీ గిన్నెకు అంచుల దాకా నూనె రాస్తాను. ఉల్లిపాయలు, వెల్లుల్లి సన్నగా తరిగి వేస్తాను. బాగా పండిన టమాటాలు చేత్తోనే నలిపి వేస్తాను. కత్తితో కోసినవాటికంటే నలిపినవి చిక్కగా వస్తాయి. ఉప్పు, మిరియాల పొడి, పులుపు విరగడానికి చిటికెడు పంచదార, ఒక గ్లాసు నీళ్ళు. మూత పెట్టి మీటను తక్కువ వేడి దగ్గరకు తిప్పి వెళ్ళిపోతాను. మధ్యాహ్నానికి అదంతా కలిసిపోయి ఎర్రటి గుజ్జు అవుతుంది. టమాటా ఏదో ఉల్లిపాయ ఏదో తెలియదు.

పాస్తా అప్పుడు వేయాలి. మొదటే వేస్తే జావ అయిపోతుంది. చిన్న గొట్టాల్లా ఉండే రకం వాడతాం. విడిగా ఉడకబెట్టనక్కర్లేదు, పచ్చిదే వేయాలి. వేసి, ఇంకొన్ని నీళ్ళు పోసి, గరిటె వెనక వైపుతో నొక్కి పాస్తా మొత్తం గుజ్జు కిందికి పోయేలా చేయాలి. ఒక్క గొట్టం పైకి తేలినా అది ఎండిపోయి పంటి కింద రాయిలా తగులుతుంది. పైన చూస్తే ఎర్రటి గుజ్జు తప్ప ఏమీ కనపడకూడదు. దాని మీద తురిమిన చీజ్ మందంగా పరిచి, గాజు మూత కింద ఒక పల్చటి తువ్వాలు వేసి మూత పెట్టాలి. ఆవిరి నీళ్ళయి చీజ్ మీద పడకుండా తువ్వాలు పీల్చుకుంటుంది. మీట ఎక్కువ వేడికి తిప్పాలి. ఇక మూత తీసి చూడకూడదు. మూత తీశావంటే బస్సు మళ్ళీ మొదటి స్టాపు నుంచి బయలుదేరాలి అంటుంది కండక్టరమ్మ.

తీసేసరికి చీజ్ కరిగి సాగుతుంటుంది. అంచుల్లో గిన్నెకు అంటుకున్నది గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతుంది. అచ్చం పొయ్యిలో పెట్టి బేక్ చేసినట్టే ఉంటుంది. మీ అబ్బాయి ముందు ఆ అంచులే గీరుకుంటారు. నా కోసం ఒక వైపు అంచు వదిలేస్తారు.

కరెంటు పెట్టి ఇల్లు వదిలిపోతే భయం కాదా అని మీ పక్క మగ్గం ఆవిడ అడిగిందన్నారు. ఇల్లు వదలం. నేను బయటికి వెళ్ళేటప్పుడు ఆయన పడుకుని ఉంటారు. పాస్తా వేసేది ఆయనే. నేను పాస్తా ఒక గిన్నెలో కొలిచి కుండ పక్కన పెట్టి వెళ్తాను. ఆయన లేచి అది వేసి, చీజ్ చల్లి, స్నానం చేసి, సగం తిని, మీటను వెచ్చగా ఉంచే గుర్తుకు తిప్పి బేకరీకి వెళ్తారు. నేను వచ్చి మిగతా సగం తింటాను. కుండ చల్లారడం నేను ఎప్పుడూ చూడలేదు.

మీవాళ్ళకు ఇక్కడి దాకా చదవండి అత్తయ్యా. చీజ్ ఎక్కువ వేసుకోమని చెప్పండి. తక్కువ వేస్తే బాగుండదు.

ఇక మీరొక్కరే.

బిడ్డ లేదు అత్తయ్యా. ఏడో నెలలోనే పోయింది. వానలు మొదలైన వారం.

ఇది రాసి కాసేపు పెన్ను పక్కన పెట్టాను. ఏమీ జరగలేదు. కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మళ్ళీ పెన్ను తీసుకున్నాను.

నేను మిషను దగ్గర ఉన్నప్పుడు లోపల కదలడం మానేసింది. నిద్రపోతోందేమో అనుకున్నాను. మిషను చప్పుడుకు అలవాటు పడి పడుకుందనుకున్నాను. మర్నాడు కూడా కదలలేదు. అప్పుడు మీ అబ్బాయికి చెప్పాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట మీద ఆ పరికరం అటూ ఇటూ జరిపి, జరిపి, నా వైపు చూడకుండా ఆయన వైపు చూసింది. ఎవరి తప్పూ కాదు, ఒక్కోసారి ఇలా అవుతుంది అంది. ఏదైనా బరువు ఎత్తానా, ఏదైనా తిన్నానా అని నేనే అడిగాను. అలాంటిదేమీ కాదంది. నాకు మత్తు ఇచ్చారు. మెలకువ వచ్చేసరికి మంచం కిటికీ పక్కకు మార్చి ఉంది. మీ అబ్బాయి నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డారో. పొట్ట ఖాళీగా ఉంది. నేను ఏమీ అడగలేదు. ఆయన ఏమీ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక పాలు వచ్చాయి. గుడ్డ బిగించి కట్టుకున్నాను. ఇలాంటివి మీ ఎదురుగా చెప్పలేను, రాస్తున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను. కండక్టరమ్మ పైకి వచ్చి, నన్ను చూసి, మళ్ళీ కిందికి వెళ్ళి ఈ కుండ మోసుకొచ్చింది. పొయ్యి దగ్గర నిలబడకు, ఇందులో పడేసి నీ మానాన నువ్వుండు అంది. కుండ ఎలా వచ్చిందని మీరు అడిగితే ఓనరమ్మ ఇచ్చిందని మాత్రమే రాశాను.

అమ్మకు నేను చెప్తాలే అని ఆయన ఆసుపత్రి మెట్లు దిగుతూ అన్నారు. సరే అన్నాను. చెప్పారా అని మళ్ళీ అడగలేదు. మీ ఉత్తరం వచ్చి, లోపల బాగా కదులుతోందా అన్న మాట చదివాక ఆయన చెప్పలేదని తెలిసింది. ఆ ఉత్తరం నిద్రపోతున్న ఆయన దిండు పక్కన పెట్టి పనికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అది నా దిండు పక్కన ఉంది. మర్నాడు మళ్ళీ ఆయన దిండు పక్కన పెట్టాను. మళ్ళీ నా దిండు పక్కకు వచ్చింది. కొన్నాళ్ళు అది అలా తిరిగింది.

మేం పోట్లాడుకోలేదు అత్తయ్యా. అలా అనుకోకండి. మీ అబ్బాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఒక్క మాట కూడా లేదు, అంతే. నేను పొద్దున వెళ్తాను, ఆయన సాయంత్రం వెళ్తారు. ఆయన వెళ్ళేటప్పుడు, నేను వచ్చేటప్పుడు మెట్ల మీద ఎదురుపడతాం. గోడ వైపుకు ఒకరు, కటకటాల వైపుకు ఒకరు తప్పుకుంటాం. మా ఇద్దరి మధ్యా మాట్లాడేది ఆ కుండ ఒక్కటే.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందని చూశాను. కండక్టరమ్మ వస్తుందంది, డాక్టరమ్మ వస్తుందంది. ఒకరోజు వేడి చీజ్ నోట్లో పెట్టుకుంటే నాలుక కాలింది. మర్నాడు నాలుక గరుకుగా తగిలితే కాలిందని తెలిసింది. అలా ఉంది. బాధగా ఉందా అంటే బాధ అని చెప్పలేను. ఒళ్ళు నాది కానట్టు, ఎవరో వాడుకుని తెచ్చి ఇస్తామని తీసుకెళ్ళినట్టు ఉంది.

ఇప్పుడు మొన్న జరిగింది రాస్తాను.

మొన్న మిషను దగ్గర మగవాళ్ళ చొక్కాలు కుడుతున్నాం. ఒక వైపు పట్టీకి నేను కాజాలు వేయాలి, రెండో వైపు పట్టీకి వేరే అమ్మాయి గుండీలు కుట్టాలి. నేను ఒక వైపు వేసి, చొక్కా తిప్పి, రెండో వైపు కూడా కాజాలు వేశాను. ఒక్క చొక్కాకు కాదు. ముందున్న కుప్ప మొత్తానికి అలాగే వేశాను. మాస్టరు ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. ఇది తొడుక్కునేవాడు గుండీలు జేబులో పెట్టుకుని తిరగాలా తల్లీ అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వుతున్నట్టు నోరు పెట్టాను. అది చూసి మాస్టరు నవ్వడం మానేశాడు. ఇంటికి పో, పడుకో, రేపు రా అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. ఆయన ఇంకా పడుకుని ఉన్నారు. కుండలో గుజ్జు తయారై ఉంది. ఆయన లేచే వేళ అవుతోంది. వచ్చాను కదా, ఆయనకు ఒక పని తగ్గుతుందని పాస్తా నేనే వేశాను. నీళ్ళు పోసి, పైన రాసినట్టే గరిటె వెనక్కి తిప్పి, ఒక్కటి కూడా పైకి కనిపించకుండా నొక్కాను. చీజ్ ఆయన చల్లుకుంటారులే అనుకున్నాను. పాస్తా కొలిచిన గిన్నె కడిగి బోర్లించాను. అంతలో ఆయన అటు నుంచి ఇటు ఒత్తిగిల్లారు. లేస్తే ఇద్దరం ఒకే గదిలో ఉంటాం. ఏం మాట్లాడాలి? నాకు భయం వేసింది. మొగుడికి భయపడి పారిపోయిన పెళ్ళాలు ఉంటారు, నేను మొగుడు మాట్లాడతాడేమోనని పారిపోయాను. మేడ మీదకు వెళ్ళి, ఆరిన దుప్పట్ల వెనకాల నీడలో కూర్చున్నాను. ఆయన బేకరీకి వెళ్ళిపోయే వేళ దాకా ఉండి దిగుదామనుకున్నాను.

ఆయన లేచారు. కుండ పక్కన గిన్నె లేదు. పాపం ఇవాళ గిన్నె పెట్టడం కూడా మరిచిపోయింది అనుకున్నారట. మూత తీసి చూస్తే ఎర్రటి గుజ్జే కనిపించింది. డబ్బా లోంచి పాస్తా ఒంపారు. రోజూ కొలిచి పెట్టేది నేను కాబట్టి ఎంత వేయాలో ఆయనకు తెలియదు. నీళ్ళు పోశారు, చీజ్ చల్లారు, తువ్వాలు వేశారు, మూత పెట్టారు, స్నానానికి వెళ్ళారు.

నేను దిగి తలుపు తోసేసరికి మాడు వాసన. మూత పక్కకు ఒరిగి ఉంది. పాస్తా ఉబ్బి, తువ్వాలును కూడా ఎత్తేసి, అంచు దాటి గట్టు మీదకు వచ్చింది. చీజ్ కుండ ఒంటి మీద నుంచి కారి కింద గడ్డ కట్టింది. మీ అబ్బాయి బేకరీ చొక్కా సగం గుండీలు పెట్టుకుని, చేతిలో గరిటె పట్టుకుని దాన్ని చూస్తున్నారు. వెళ్ళిపోయి ఉంటారనుకున్న మనిషి. ఆయన కూడా నన్ను అలాగే చూశారు.

“నువ్వు పాస్తా వేశావా?” అన్నారు.

“వేశాను.”

“నేనూ వేశాను.”

అన్ని రోజుల తర్వాత మేం మాట్లాడుకున్నది అది.

ఆయన కుండ తీసి నేల మీద పెట్టారు. రెండు చెంచాలు తెచ్చారు. ఇద్దరం చెరో వైపు కూర్చున్నాం. అంచులు మాడి నల్లబడ్డాయి. మధ్యలో పాస్తా నీళ్ళు చాలక పచ్చిగానే ఉంది. ఆ రెంటికీ మధ్య గుండ్రంగా కొంచెం మేర బాగా ఉడికింది. అక్కడే తవ్వుకుని తిన్నాం. పదిమంది తినే పాస్తా. గోడ గడియారం వైపు చూశాను, ఆయన వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది. ఆయన చూడలేదు.

వాసనకు కండక్టరమ్మ పైకి వచ్చింది. ఏమర్రా, ఇల్లు తగలబెడుతున్నారా అంటూనే తలుపు తీసింది. నేల మీద కూర్చున్న మా ఇద్దర్నీ, మధ్యలో కుండనూ చూసింది. కిటికీ తెరుచుకోండి అని మెల్లగా చెప్పి తలుపు దగ్గరగా వేసి దిగిపోయింది.

అప్పుడు మీ అబ్బాయి కుండలోకి చూస్తూ అన్నారు.

“నేను చూశాను.”

ఏమిటో నాకు తెలిసింది.

నువ్వు మత్తులో ఉన్నావు, చూస్తారా అని నర్సు అడిగింది, చూస్తానన్నాను అన్నారు. ఒక తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చిందట. ఎత్తుకుంటారా అందట. ఎత్తుకున్నారట. ఆడపిల్ల. ఇంకా వెచ్చగానే ఉందట. మేం బేకరీలో చేసే పెద్ద రొట్టె అంత బరువు ఉంది అన్నారు. పొయ్యి లోంచి తీసిన రొట్టెలు రోజూ చేతుల్లోకి తీసుకోవాలి కదా, ప్రతిదీ ఎత్తుతున్నాను, ప్రతిదీ దింపుతున్నాను అన్నారు. మిగతాదంతా ఆసుపత్రి వాళ్ళే చూసుకున్నారట. ఎక్కడ పూడ్చారో ఆయనకు తెలుసట. నేను ఎప్పుడు వెళ్దామంటే అప్పుడు తీసుకెళ్తానన్నారు.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“నువ్వు అడగలేదు. అడుగుతావేమోనని చూశాను. అడగకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.”

“ఎవరి పోలిక?”

ఈ మాట నా నోటి నుంచే వచ్చిందా అనిపించింది. ఆయన చేతిలో చెంచా కింద పెట్టారు.

“ముఖం ఇంకా ఎవరిదీ కాదు. చెవులు మాత్రం మా అమ్మవి. తమ్మెలు కిందికి వేలాడకుండా చెంపకు అతుక్కుని ఉన్నాయి. అమ్మకు అంతే. నాకు రాలేదు. దానికి వచ్చాయి.”

ఆ తర్వాత ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు. ఆయన వీపు మీద చేయి పెట్టాను. పెట్టాలని పెట్టాను. అంతవరకే చేయగలిగాను. తర్వాత ఇద్దరం కలిసి కుండ గీరి కడిగాం. మాడింది వదలడానికి చాలాసేపు పట్టింది.

మీకు ఎవరు రాయాలన్న మాట అప్పుడు వచ్చింది. పాస్తా ఇద్దరం వేశాం, ఈ మాట మాత్రం ఇద్దరిలో ఎవరమూ రాయలేదు. నేను రాస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది, అమ్మ ఆ ముక్క పట్టుకుని ఒక్కతే కూర్చుంటుంది, నువ్వు రాయి అన్నారు. నాకు చదువు అంతంత మాత్రం అన్నాను. అమ్మకు చదువు కాదు కావలసింది అన్నారు. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. మీరు ఒక్క ముక్క పట్టుకుని కూర్చోకూడదని.

మీరు ఎంత సంబరపడ్డారో నాకు తెలుసు. మిల్లంతా చెప్పుకున్నారు. ఇప్పుడు మళ్ళీ ఆ మగ్గాల మధ్య నుంచి నడిచి వెళ్ళి అందరికీ వేరే మాట చెప్పాలి. అది తలుచుకునే మీకు ఈ సంగతి రాయకుండా ఉండిపోయాను. వాళ్ళకు చెప్పలేకపోతే చెప్పకండి. నూలు తూచే అక్క ఒక్కదానికి చెప్పండి. మిగతావాళ్ళకు ఆమే చెబుతుంది.

ఇప్పుడు మీరు అడిగినదానికి జవాబు. మొదట్లో, వద్దు అత్తయ్యా, టికెట్టు తీసుకోకండి అని రాయాలనుకున్నాను. పురుడు లేని ఇంటికి పురుడు పోయడానికి వచ్చి ఏం చేస్తారు అనుకున్నాను. మిమ్మల్ని చూస్తే ఎక్కడ దాక్కోవాలో తెలియదనుకున్నాను. మొన్నటి నుంచి అలా అనిపించడం లేదు.

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను మీ ముందు తల దించుకునే ఉన్నాను. మీరు అడిగితే ఊఁ అనడం, లేకపోతే తల ఊపడం. ఈ పిల్లకు మెడలో స్ప్రింగు పోయింది అని మీరు అందరితో అనేవారు. మీ పాదాలు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. ఎడమ కాలి బొటనవేలు గోరు విరిగి ఉంటుంది. మీ చేతుల మీద నూలు కోసిన గీతలు తెలుసు. మీరు నడుస్తుంటే ఏ కాలు ఈడుస్తారో తెలుసు. నిన్న కూర్చుని మీ చెవులు గుర్తు చేసుకుందామని చూశాను. రాలేదు. పెళ్ళి ఫోటో తీసి చూశాను, అందులో పూలూ పైటకొంగూ అడ్డం వచ్చాయి. అంతకాలం మీ ఇంట్లో తిరిగి ఒక్కసారి కూడా తలెత్తి మీ ముఖం వైపు సరిగా చూడలేదు అత్తయ్యా. నా బిడ్డను నేను చూడలేదు.

రండి. సెలవు ఎలాగూ చెప్పారు కదా, ఆ సెలవులోనే రండి. పని చేయడానికి కాదు, నన్ను ఓదార్చడానికి కూడా కాదు. ఊరికే వచ్చి మా ఇంట్లో కూర్చోండి. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, లేకపోతే లేదు. నేను మీ పక్కనే పడుకుంటాను. మీరు అటు తిరిగి పడుకున్నా, ఇటు తిరిగి పడుకున్నా ఒక చెవి పైకి ఉంటుంది. నేను చూస్తాను. చాలాసేపు చూస్తాను. ఏమిటే అలా చూస్తావని కసురుకోకండి.

ఇట్లు,
మీరు ఎప్పుడు వస్తారా అని చూస్తుండే
మీ కోడలు